ఎసరు పెట్టిన గుడిసె

నా చేతికి దురుసెక్కువని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అబద్ధమేం కాదు. జగ్గయ్యపేటలో గొలుసు పట్టే ఉద్యోగం చేసిన ఆ ఏళ్ళలో నేను కొట్టిన దెబ్బలకీ, తిన్న దెబ్బలకీ అంతు లేదు. ఏ ఆఫీసో చెప్పను, ఆ ఆఫీసు ఇప్పుడు ఆ పేరుతో లేదు కూడా. గొలుసు పట్టడమంటే సర్వే గొలుసు ఒక కొస పట్టుకుని నడవడం, ఓవర్సీరు ఆగమన్న చోట ఆగి ఇనప మేకు దిగ్గొట్టడం. ఉద్యోగం కాగితంలో అంతవరకే ఉంది. మేకు దిగ్గొట్టాక ఆ ఇంటివాడు దాన్ని పీకి నా ముఖం మీదికి విసురుతాడని అందులో రాయలేదు.

నా ఎడమ కనుబొమ్మ మీద గీత అలా వచ్చిందే. తర్వాత ఒక సైకిలు షాపతను గాలి కొట్టే పంపుతో భుజం మీద వేశాడు. నేనూ ఊరుకోలేదు. ఆ పంపే లాక్కుని అతని మోచెయ్యి విరిగేదాకా కొట్టాను. ఒక ముసలామె గుప్పెడు కారం నా కళ్ళల్లో కొట్టింది. మిర్చి పండే ప్రాంతం, ఏ ఇంట్లో చూసినా కారానికి కొదవ లేదు. కళ్ళు తెరవలేకపోయినా తడుముకుంటూ వెళ్ళి ఆమె బంకు తడికెలు కాళ్ళతో తన్ని పడేశాను. సాయంత్రం నందిగామ బస్సులో కూర్చుంటే నా చొక్కా మీద నెత్తురు చూసి పక్కవాళ్ళు దూరం జరిగేవాళ్ళు. నాకది గొప్పగా ఉండేది. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది గాని అప్పుడున్న మాట అది.

ఊరు పెరుగుతున్న రోజులవి. సున్నపురాయి కోసం చుట్టూ నేల తవ్వుతున్నారు, సిమెంటు ఫ్యాక్టరీలు వస్తాయంటున్నారు, ఎటు చూసినా లారీలు. వత్సవాయి వైపు నుంచీ, జిల్లా సరిహద్దు అవతల ఖమ్మం పల్లెల నుంచీ కూలి జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని దిగారు. వాళ్ళకి పని దొరికింది, ఇల్లు మాత్రం దొరకలేదు. ఊళ్ళో అద్దెకిచ్చేవాళ్ళు కులం అడిగి తలుపేసేవాళ్ళు. అందుకని కాలవ గట్టు మీదా, మిల్లుల గోడల వారా తాటాకు గుడిసెలు లేచాయి.

మా ఆఫీసు గోడకి ఒక నీలం కాగితం వేలాడుతుండేది. ఊరు ఎలా పెరగాలో దాని మీద గీసి పెట్టారు. ఆ కాగితంలో బస్టాండు వెనక రోడ్డు అరవై అడుగులు. నేల మీద చూస్తే దానిలో సగం కూడా లేదు. మిగతా సగంలో జనం కాపురాలు చేస్తున్నారు. ఆ కాపురాల్ని ఊడ్చి నేలని కాగితంలా చెయ్యడం మా పని. ఇంకో సంగతి, నందిగామలో నేనూ మా ఆవిడా ఉంటున్నది పట్టా లేని స్థలంలో వేసుకున్న రేకుల గదే. ఎవడైనా గొలుసు పట్టుకొస్తే నాదీ అదే గతి. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నేను మేకు ఇంకా గట్టిగా కొట్టేవాడిని.

గుడిసెలు పీకేవాళ్ళు మా ఆఫీసు మనుషులు కారు. ఒక మేస్త్రి, అతని కింద ఎనిమిది మంది గడ్డపారల కూలీలు. వాళ్ళవీ గుడిసెలే, చిల్లకల్లు రోడ్డు వైపు. మేస్త్రికి యాభై దాటాయి. పొట్టి మనిషే గాని ఒక్క పోటుతో నిట్రాడు కదిలించేవాడు. నిట్రాడంటే గుడిసె నడిమధ్య కప్పు మోసే గుంజ. అది ఒరిగిందంటే ఇల్లు ఒరిగినట్టే.

అంతటి మొండిమనిషికీ ఒక పట్టింపు ఉండేది. పొయ్యి మీద ఎసరు మరుగుతున్న ఇంటిని అతను ముట్టుకునేవాడు కాదు. అన్నం ఉడకాలి, ఇంటివాళ్ళు తినాలి, పొయ్యి చల్లారాలి. అంతదాకా గడ్డపార నేలకి ఆనించి, రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. కూలీలూ అంతే. కొత్తలో నేను ఎగిరెగిరి పడ్డాను.

"ఏంది మేస్త్రీ, ఇక్కడేమన్నా పెళ్ళి భోజనాలా?" అన్నాను.

"అన్నం ఉడుకుతుంటే కొంప పీకుతావా? నువ్వు మనిషివేనా?" అన్నాడు. అతని దగ్గర అంతకు మించి కారణం లేదు. ఇంకో మాటంటే గడ్డపార నా నెత్తిన దిగేట్టు ఉంది, ఊరుకున్నాను.

ఈ సంగతి ఆడవాళ్ళు ఎంతసేపట్లో కనిపెడతారు! మా గొలుసు చప్పుడు వినపడగానే పొయ్యి రాజేసి ఎసరు పెట్టేవాళ్ళు. బియ్యం వెయ్యరు, నీళ్ళు తగ్గినప్పుడల్లా చెంబుడు పోస్తుంటారు. పొద్దున పెట్టిన ఎసరు పొద్దుగూకినా మరుగుతూనే ఉండేది. అప్పటి ఓవర్సీరు పెద్దవాడు, రిటైరుమెంటు దగ్గరపడినవాడు. గడియారం చూసుకుని, "సరేలేవయ్యా, రేపొద్దాం" అని కాఫీ హోటల్లోకి వెళ్ళిపోయేవాడు. రేపు ఇంకో వీధిలో పని పడేది. అలా ఆ నీలం కాగితం అన్నం ఉడికేదాకా ఆగుతూ వచ్చింది. ఎసరు పెట్టడం తెలియని కొత్తవాళ్ళవీ, మగవాళ్ళు మాత్రమే ఉండే ఇళ్ళూ కూలిపోయేవి. దెబ్బలాటలన్నీ వాళ్ళతోనే.

బస్టాండు వెనక రైసుమిల్లు గోడ నుంచి తూము దాకా పన్నెండు గుడిసెలు ఒకే వరసలో ఉండేవి. మిల్లు గోడకి ఆనుకున్న మొదటి గుడిసె మా అక్కది.

అమ్మ పోయినప్పుడు నాకు మూడేళ్ళు, అక్కకి పన్నెండు. చంకలో వేసుకుని పొలం పనులకి తీసుకెళ్ళేది. గట్టు మీద కూర్చోబెట్టి, నాకు ఎండ తగలకుండా తన పైట తీసి రెండు కర్రలకి కట్టేది. నాకు నాలుగక్షరాలు వచ్చాయన్నా, ఆఫీసులో కుదురుకున్నానన్నా ఆమె పుణ్యమే. బావ క్వారీలో రాయి పేలి పోయాడు. పిల్లల్లేరు. మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతూ ఒక్కతీ బతుకుతోంది. నోరూ చెయ్యీ రెండూ గట్టివే. మిర్చి కొట్లో ఒకడు నడుం మీద చెయ్యేస్తే, పక్కనున్న కాటా రాయి తీసి వాడి ముఖం మీద వేసింది. రెండు పళ్ళు రాలాయి. మా రక్తమే అంత.

ఆఫీసులో ఆమె మా అక్కని నేను ఎవరికీ చెప్పలేదు. ఆక్రమణలు పీకేవాడి అక్కే ఆక్రమణలో ఉందంటే నవ్వుతారని ముందు సిగ్గుపడ్డాను. ఎమర్జెన్సీ వచ్చాక ఆ సిగ్గు భయమైంది. ఆ రోజుల్లో ఉద్యోగం ఊడబెరకడానికి ఎవరూ ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లోనే పేదలకి ఇళ్ళస్థలాలు ఇస్తారని కబురొచ్చింది. ఊరి బయట మిట్ట మీద రెండేసి సెంట్లు. శనివారం తాసీల్దారు స్వయంగా వచ్చి గుడిసె గుడిసెకీ తిరిగి పేర్లు రాసుకుంటాడు. ఆ పూట గుడిసె నిలబడి ఉంటే పేరు ఎక్కుతుంది. లేకపోతే లేదు. ఆ వారమంతా అక్క కాలు నేల మీద నిలవలేదు. "ఒరే తమ్ముడూ, సొంత జాగాలో చచ్చినా చాలురా" అంది.

అప్పటికి పాత ఓవర్సీరు రిటైరయి కొత్తాయన వచ్చాడు. నా కంటే రెండేళ్ళు పెద్ద ఉంటాడేమో. ఇస్త్రీ ప్యాంటు, నల్లబూట్లు. అరిచేవాడు కాదు, మెల్లగా మాట్లాడేవాడు. గురువారం మధ్యాహ్నం నన్ను పిలిచాడు.

"బస్టాండు వెనక లైను రేపటికల్లా ఖాళీ కావాలి. ఎల్లుండి తాసీల్దారు వచ్చేసరికి అక్కడ ఒక్క గుడిసె కూడా ఉండకూడదు."

"రెండ్రోజులాగితే వాళ్ళకి పట్టాలొస్తాయి గదండి, వాళ్ళే లేచిపోతారు" అన్నాను.

"పేర్లు ఎక్కితే ఆ స్థలం చూపించేదాకా వీళ్ళని కదపడానికి లేదు. స్థలం చూపించేసరికి ఏళ్ళు పడుతుంది. రోడ్డెప్పుడు వెయ్యను?" అన్నాడు.

అదీ ఆయన లెక్క. దాని వెనకాల, మిల్లు ముఖద్వారం రోడ్డు మీదికి తెరుచుకోవాలన్న లెక్క కూడా ఉందని తర్వాత విన్నాను. నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం పని దిగగానే అక్క దగ్గరికి పోయాను.

"రేపు తెల్లారేసరికి ఎసరు పెట్టు. ఎల్లుండి తాసీల్దారు వచ్చేదాకా పొయ్యి ఆరనీయమాక. మా మేస్త్రి చచ్చినా ముట్టుకోడు" అన్నాను.

"వరసలో అందరికీ చెప్పనా?"

"నీ సంగతి నువ్వు చూసుకోవే" అన్నాను. ఆమె వింటుందా? పన్నెండు ఇళ్ళకీ చెప్పింది. పత్తికట్టె, మిరపకట్టె మోపులు తెచ్చి ఇంటింటా గుట్టలు పోశారు. తాటాకు కప్పు కింద రెండు రోజులకి సరిపడా ఎండుకట్టె! ఆ సలహా ఇచ్చినవాడిని నేనే. నా బుర్రకి అప్పుడు ఎసరొక్కటే తోచింది, నిప్పు తోచలేదు.

శుక్రవారం పొద్దున మేం వెళ్ళేసరికి పన్నెండు గుడిసెల్లోంచి పొగ లేస్తోంది. మేస్త్రి ఆ పొగ చూసి లోలోపల నవ్వుకుని గడ్డపార ఆనించి కూర్చున్నాడు. కూలీలూ కూర్చున్నారు. ఓవర్సీరుకి అర్థం కాలేదు. నేను చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో ఉషారు ఆయన పసిగట్టాడనుకుంటాను. అటూ ఇటూ చూసి మిల్లు గుమాస్తాని పిలిచి పక్కకి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి నా చెవి దగ్గర అన్నాడు.

"ఆ మొదటి గుడిసె మీ అక్కదంట గదా."

నేను గొలుసు కొస కింద పడేశాను.

"స్టాఫు మనిషి చుట్టాలు ఆక్రమణలో ఉన్నారని ఒక్క ముక్క రాస్తే సాయంత్రానికి నువ్వు ఇంట్లో ఉంటావు. అదీ ఇల్లుంటే. నందిగామలో నీ కొంప సంగతి కూడా నాకు తెలుసు. మొదటి పోటు నువ్వెయ్యి. వేస్తే నేనేం వినలేదు, నాకేం తెలీదు."

మనిషికి కోపం వచ్చినప్పుడు ఎవరి మీద రావాలో వాళ్ళ మీద రాదు. నాకు ఆ క్షణాన ఓవర్సీరు మీద రాలేదు. మేస్త్రి మీదొచ్చింది, నవ్వుతూ కూర్చున్నందుకు. అక్క మీదొచ్చింది, ఊరందరికీ చెప్పినందుకు. ఒక కూలీ చేతిలో గడ్డపార లాక్కుని మొదటి గుడిసెకేసి నడిచాను.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసి కళ్ళతోనే నవ్వింది. ఓవర్సీరు ముందు నాటకమాడుతున్నాననుకుంది. నాటకంలో తన వంతు తనూ అందుకుంది.

"ఎసరు మరుగుతోందయ్యా, ఆగండి" అంది గట్టిగా, పదిమందికీ వినపడేట్టు.

"తప్పుకో" అన్నాను.

"అన్నం ఉడకనీయవా?"

రెక్క పట్టుకుని పక్కకి నెట్టాను. తడికె గోడకి తగిలి కూలబడింది. అప్పటికీ ఆమె ముఖంలో ఇంకా అనుమానమే, ఇంత గట్టిగా నెట్టాడేంటి అన్నట్టు. నేను లోపలికి వంగి నిట్రాడు మొదట్లో ఒకటి వేశాను. రెండోది వేశాను. మూడో పోటుకి అది విరిగింది. నేను వెనక్కి దూకాను. కప్పు మొత్తం పొయ్యి మీద కూలింది. కుండ పగిలిన చప్పుడు, నీళ్ళు నిప్పుల మీద పడ్డ చప్పుడు వినిపించాయి. ఒక్క క్షణం తెల్లటి ఆవిరి లేచింది. ఆరిందిలే అనుకున్నాను. పక్కనున్న పత్తికట్టె మోపు భగ్గుమంది.

తొమ్మిదేళ్ళ తాటాకు. మంట మిల్లు గోడంత ఎత్తు లేచింది. అక్క ఆ మంటలోకి పోయింది. రేషన్ కార్డు చూరులో దోపి ఉంది, తను అక్కడ ఉంటున్నట్టు చూపించడానికి ఆమె దగ్గరున్న కాగితం అదొక్కటే. నేను కాలో చీర కొంగో పట్టుకుందామనేలోపే రెండు చేతులూ మండే ఆకుల్లో పెట్టి వెతుకుతోంది. వెనక నుంచి పట్టి లాగాను. నా చేతిని కొరికింది. ఈడ్చి రోడ్డు మీద పడేసేసరికి మోచేతుల దాకా చర్మం వేలాడుతోంది. కార్డు దొరకలేదు. ఆమె ఏడవలేదు. నా ముఖంలోకి చూసింది. అప్పటికి ఆమెకి తెలిసింది అది నాటకం కాదని.

మేస్త్రి లేచొచ్చాడు. నా చెంప మీద ఈడ్చి కొట్టాడు. నా కింది పన్ను ఒకటి అక్కడే ఊడింది. నేను తల దించుకోవాలి గదా? దించలేదు. ఆ పెద్దమనిషి మూతి మీద గడ్డపార మొద్దు కొస తిప్పి కొట్టాను. నెత్తురు కక్కుకుంటూ కూర్చున్నాడు. తర్వాత లేచి, తన గడ్డపార కాలవలోకి విసిరేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ పనికి రాలేదు.

వరస ఆడవాళ్ళ తిట్లలో నేను ఆమెకి తమ్ముణ్ణని తేలిపోయింది. కూలీల్లో ఒకడు అన్నాడు, "సొంత అక్క పొయ్యే ఆర్పాడు. మనదేం పోయింది, లేవండ్రా." ఆ మాట నాకు మేస్త్రి దెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఎనిమిది మందీ లేచారు. ఎసరున్నా లేకున్నా ఇక చూడలేదు. మంట రెండు గుడిసెలు తినేసింది, మిగతావి వాళ్ళు పీకారు. ఆడవాళ్ళు రోకళ్ళు పట్టుకొచ్చారు. మరిగే ఎసరు తెచ్చి ఒక కూలీ వీపున పోశారు, వాడు రోడ్డు మీద పడి గిలగిలా కొట్టుకున్నాడు. నన్ను నలుగురు చుట్టేశారు. మండే కొరివితో మెడ మీద వేసిందెవరో నేను చూడలేదు. పడ్డాక కాళ్ళతో తొక్కారు. పోలీసులు లాఠీలతో వచ్చి ఆడా మగా చూడకుండా బాదకపోతే ఆ రోజే పోయేవాడిని. పోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనిపించింది.

మధ్యాహ్నానికి వరసంతా నేలమట్టమైంది. అక్కని ఎవరో రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నేను వెళ్ళలేదు. బస్సెక్కి నందిగామ పోయాను. ఏం జరిగిందని మా ఆవిడ అడిగింది. రెండోసారి అడిగితే కొట్టాను. ఆమె ఇక అడగలేదు.

శనివారం తాసీల్దారు జీపులో వచ్చాడు. ముసలాయన, దగ్గుతున్నాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పన్నెండు ఇళ్ళవాళ్ళూ ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. ఓవర్సీరు కాగితం చదివాడు. ఈ గుడిసెలు నాలుగు రోజుల కింద పట్టాల కోసం బయటివాళ్ళు వేసినవనీ, వాళ్ళ పొయ్యిలే అంటుకుని తగలబడ్డాయనీ దాని సారాంశం. ఆ కాగితం మీద సాక్షి సంతకం నాది. పొద్దున్నే పెట్టాను.

తాసీల్దారు మొదటి చోట ఆగాడు. అక్క ఆస్పత్రి నుంచి లేచొచ్చేసింది. రెండు చేతులకీ మోచేతుల దాకా గుడ్డ చుట్టి ఉంది.

"ఎన్నాళ్ళుగా ఉంటున్నావమ్మా ఇక్కడ?"

"తొమ్మిదేళ్ళండి."

"రుజువేమన్నా ఉందా?"

"కార్డు కాలిపోయిందండి."

"పోనీ, ఇక్కడున్నావని చెప్పేవాళ్ళున్నారా? ఈ వరసవాళ్ళు కాకుండా."

అక్క గుడ్డ చుట్టిన చెయ్యి ఎత్తి నాకేసి చూపించింది. "ఆయన్నడగండి. నా తమ్ముడు."

నిన్న అంత జరిగినా ఆమె ఆ మాటంది. నేను నిజం చెబుతాననే నమ్మింది. తాసీల్దారు నావైపు తిరిగాడు. ఆయన పక్కన ఓవర్సీరు తన నల్లబూట్ల మీది బూడిద చూసుకుంటున్నాడు.

"ఏమయ్యా, నీ అక్కా?"

"ఎవరో తెలీదండి" అన్నాను.

వరస మొత్తం గొల్లుమంది. ఎవరో రాయి విసిరారు, అది నా మోకాలికి తగిలింది. అక్క చెయ్యి దించింది.  తాసీల్దారు ఆమెనే చూస్తూ చాలాసేపు దగ్గాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మొగుడున్నాడా?"

"క్వారీలో పోయాడండి."

"పిల్లలు?"

"పుట్టలేదండి."

"తల్లీ తండ్రీ?"

"లేరండి."

"అన్నదమ్ములు?"

ఆమె నావైపు చూడలేదు. కింద బూడిదలోకి చూసింది.

"లేరండి. నాకెవరూ లేరు."

తాసీల్దారు తన గుమాస్తా చేతిలోంచి ఇంకో రిజిస్టరు తీసుకున్నాడు. దిక్కులేని ఒంటరి ఆడవాళ్ళకి కొన్ని స్థలాలు విడిగా తీసిపెట్టారట, వాటికి గుడిసె రుజువు అక్కర్లేదట. ఆ సంగతి మాలో ఎవరికీ తెలీదు. ఓవర్సీరు ఏదో అనబోతే, "మీవాడే చెప్పాడుగదయ్యా ఎవరో తెలీదని" అన్నాడు ముసలాయన. గుమాస్తా వాంగ్మూలం రాసి పైకి చదివాడు. నాకు నా వాళ్ళంటూ ఎవరూ లేరు, ఉన్నట్టు తేలితే ఈ స్థలం రద్దు చేసుకోవచ్చు అని. వేలిముద్ర వెయ్యడానికి ఆమెకి వేళ్ళు పనికిరావు. కాలి బొటనవేలికి సిరా పూసి, కాగితం నేల మీద పెట్టి, ముద్ర వేయించారు. ఆమె ఆ కాగితం మీద పాదం మోపడానికి బిడియపడింది, కాగితాన్ని తొక్కకూడదని. గుమాస్తానే పట్టుకుని ఆనించాడు.

మిగతా పదకొండు ఇళ్ళ పేర్లు ఎక్కలేదు. వాళ్ళు చిల్లకల్లు వైపు రోడ్డు వారకి పోయారు. అక్కడికీ ఏదో ఒక రోజు గొలుసు పోయింది, పట్టింది నేను కాదు. ఉద్యోగం నిలబెట్టుకుని కూడా నేను రెండేళ్ళకి మించి చెయ్యలేకపోయాను. మేకు కొట్టడానికి చెయ్యి లేచేది గాని దించబుద్ధయ్యేది కాదు. మానేసి నందిగామలోనే ఒక ఎరువుల కొట్లో చేరాను.

మిట్ట మీద కాలనీ లేవడానికి ఏళ్ళు పట్టింది. అంతదాకా అక్క ఎక్కడ తలదాచుకుందో నాకు తెలీదు, అడిగే ముఖం లేదు. ఎనభైల్లో ప్రభుత్వం వాళ్ళు గదులు కట్టిస్తున్నారని, మా అక్క గది కూడా లేచిందని ఒకతను బస్సులో చెప్పాడు. ఆ ఆదివారమే వెళ్ళాను.

ఒకేలాంటి గదులు, వరసలు వరసలుగా. సున్నం ఇంకా తడిగా ఉంది. ఒక ఇంటి ముందు ఆమె కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. చేతుల మీద చర్మం ముడతలు పడి మెరుస్తోంది, రెండు వేళ్ళు అతుక్కుపోయి ఉన్నాయి. చేట వేళ్ళతో కాక మణికట్లతో పట్టుకుంది. ఆమె తిడుతుందనీ, చేట నా ముఖాన కొడుతుందనీ ఆశపడే వెళ్ళాను. నిజంగా ఆశే. నాకు తెలిసిన భాష అదొక్కటే.

"అక్కా" అన్నాను.

చేట కింద పడింది. బియ్యం చెదిరిపోయాయి. అంత వేగంగా లేచి వస్తుందనుకోలేదు. వచ్చి ఆ చేత్తో నా నోరు మూసింది.

"ఆ మాట అనమాక" అంది. గొంతులో కోపం లేదు. అటూ ఇటూ ఇళ్ళ గుమ్మాలకేసి చూస్తోంది.  "ఎవరన్నా వింటే ఇల్లు పోద్ది."

అలా ఇల్లు పోదని, ఏనాటి కాగితమో ఎవరూ తియ్యరని నేను చెప్పొచ్చు. ఆఫీసుల సంగతి తెలిసినవాడిని. కాని ఇళ్ళు ఎలా పోతాయో ఆమెకి చూపించినవాడినీ నేనే గదా, ఏ నోటితో చెప్పను?

పక్కింటామె గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఎవరొదినా?"

అక్క నా నోటి మీంచి చెయ్యి తీసింది. ఒక అడుగు వెనక్కి వేసి, పైట సర్దుకుంది.

"ఎవరో తెలీదమ్మా" అంది. "దారి తప్పి వచ్చినట్టున్నాడు."

ఆ తర్వాత లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది. "తాగి పోండి" అంది. ముప్ఫై ఏళ్ళు ఒరే అని పిలిచిన మనిషి నన్ను అండీ అంది. నేను నీళ్ళు తాగి చెంబు గడప మీద పెట్టి వచ్చేశాను.